కింద కొడితే పైన వినిపిస్తుంది

డిసెంబరు ఇరవై ఏడు, సాయంత్రం ఆరు దాటింది. అమీర్‌పేట మెట్రో స్టేషను పక్క సందులో ఒక ట్రావెల్స్ ఆఫీసు. సిటీ టూరు బస్సులో వచ్చినవాళ్లంతా ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. టూరు గైడు రాఘవేందర్, మండపేట నుంచి వచ్చిన అరుణాదేవి మాత్రం మిగిలారు. ఆమె భర్త గోల్కొండ దగ్గర తప్పిపోయారు.

"కూసోండ్రి అమ్మా. పొద్దున మోకాళ్లు నొప్పులంటిరి. మీరు నిలబడితే సార్ జల్ది వస్తడా?"

"నా మోకాళ్ల సంగతి వదిలెయ్ బాబూ. నీ డ్రైవరు ఏమన్నాడు?"

"మహిపాల్ బస్సు వాపస్ తిప్పిండు. మెహదీపట్నం కాడ జామ్‌ల ఇరుక్కున్నడు. ఇంకో అర్ధగంటల గోల్కొండకు చేరుతడు."

"అరగంటా."

"క్రిస్మస్ సెలవులు గదమ్మా. ఎక్కడెక్కడోళ్లంతా హైదరాబాద్ చూడనీకె వచ్చిండ్రు. రోడ్డు కదులుతలేదు."

"కోట మూసేసి ఉంటారా ఈపాటికి?"

"మూసే ఉంటరు. గని లోపల మనిషిని పెట్టి మూయరు. అందర్ని బయటికి తోలినంకనే గేటేస్తరు. సార్ బయటనే ఉంటడు. ఫికర్ చెయ్యకుండ్రి."

"బయట అంటే ఎక్కడ బాబూ? ఈ చలిలో. స్వెట్టరు నా దగ్గరుంది. మంకీ క్యాపు నా దగ్గరుంది. ఆరింటికి వేసుకోవాల్సిన మాత్ర నా దగ్గరుంది."

"ఏం మాత్ర?"

"గుండెది. పోయినేడాది స్టెంటు వేశారు."

"అయ్యో. ఒక్క మాట చెప్పకపోతిరి. గన్ని మెట్లు ఎక్కనిచ్చెటోణ్ణే కాదు."

"నువ్వు ఎక్కనివ్వకపోతే ఆగే మనిషా ఆయన? సోషల్ మాస్టారు. ముప్పై ఏళ్ల నుంచి పిల్లలకి గోల్కొండ పాఠం చెబుతున్నారు, ఒక్కసారీ చూసింది లేదు. వచ్చే జూన్‌లో రిటైరవుతున్నారు. చూడకుండా రిటైరైతే పిల్లల్ని మోసం చేసినట్టేనంట."

"పర్సన్న ఉన్నదా సార్ కాడ? ఏదో ఒక ఆటో పట్టుకొని వస్తడేమో."

"పర్సూ నా దగ్గరే. రద్దీలో ఎవడైనా కొట్టేస్తాడని నాకిచ్చి వెళ్లారు."

"ఫోను?"

"ఇదిగో. పొద్దున్నుంచీ ఒకటే ఫోటోలు. చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రతి దీపానికీ ఓ ఫోటో. చార్జింగ్ అయిపోయాక నా బ్యాగులో పడేశారు."

"గిట్లియ్యండ్రి, చార్జింగ్ పెడ్త. ఎవరి ఫోన్ అయినా అడుక్కొని సార్ మీకు చేస్తడు గదా?"

"నా నంబరు ఆయనకి రాదు."

"రాదా?"

"కుతుబ్‌షాహీల్లో ఎవరు ఏ సంవత్సరం గద్దెక్కారో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నా నంబరు మాత్రం రాదు. తనదొక్కటే వచ్చు."

"అయితే గీ ఫోను లేవాలె. పూర్తిగ చచ్చింది, జర టైం పడతది. మీరు చాయ్ తాగుతరా?"

"వద్దు. ఎవరికోసం చూస్తున్నావు మాటిమాటికీ ఆ తలుపు వైపు?"

"ఓనర్ వస్తుండమ్మా. జోగారావు సార్. బేగంపేటల బయల్దేరిండు."

"ఆయనెందుకు ఇప్పుడు?"

"నా సంగతి తేల్చనీకె."

"నిన్నేం చేస్తారు?"

"తీసేస్తడు. దసరా సెలవులల్ల గిట్లనే ఒకామె సాలార్‌జంగ్ కాడ వేరే బస్సు ఎక్కి పోయింది. ఆ దినమే చెప్పిండు, ఇంకొక్క మనిషి తప్పిపోతే మళ్ల నాకు నీ మొకం చూపెట్టకు అని. ఆయన చెడ్డోడేం కాదు. మాట మాత్రం మాటే."

"ఇందులో నీ తప్పేముంది?"

"లెక్క నాదే గదమ్మా. టోకెన్లు పెట్టిందే గందుకు. దిగేటప్పుడు ఒక్కొక్కరికి సీటు నంబరు టోకెన్ ఇస్త, ఎక్కేటప్పుడు వాపస్ తీసుకుంట. ముప్పై ఎనిమిది ఇచ్చిన, ముప్పై ఎనిమిది వచ్చినయ్. రైట్ రైట్ అన్న. డబ్బాల టోకెన్లు చూసిన గని సీట్లల్ల మొకాలు చూడలే."

"అంతమందిలో మొకాలు ఎక్కడ చూస్తావులే."

"చూడాలె. అదే నా పని. పంజాగుట్ట కాడ హోటళ్లల్ల ఉండెటోళ్లను దించుతుంటే చూసిన, పదిహేడో సీట్ల శాలువా, బ్యాగు ఉన్నయ్ గని మనిషి లేడు. నా పానం పోయినంత పనైంది."

"ఫోను వెలిగిందా?"

"ఇంక లేదు. అమ్మా, ఒకటి అడుగుత. తప్పనుకోకుండ్రి."

"అడుగు."

"మీది పద్దెనిమిది, సార్‌ది పదిహేడు. రెండు టోకెన్లు మీరే ఇచ్చిండ్రు."

"ఇచ్చానా?"

"ఇచ్చిండ్రు. రెండు కలిపి నా చేతుల పెట్టిండ్రు. నాకు మంచిగ యాదికున్నది."

"ఆయనది కూడా నా దగ్గరే ఉంది బాబూ. పైన ఎక్కడైనా పారేసుకుంటానని ఇచ్చి వెళ్లారు. నువ్వు చెయ్యి చాపావు, చేతిలో ఉన్నవి పెట్టాను."

"మరి సార్ ఎక్కలేదని..."

"వెనకాలే వస్తున్నారనుకున్నాను."

"మీ వెనక ఎవ్వరు లేకుండె అమ్మా. ఆఖరుకు ఎక్కింది మీరే."

"కాసిని మంచినీళ్లు ఇస్తావా?"

"గా సీసల ఉన్నయ్, తాగుండ్రి. ఒక్క నిమిషం, ఓనర్ ఫోన్... హలో సార్. ఆఁ సార్. లేదు సార్, ఇంక తెలుస్తలేదు, మహిపాల్ తోవల ఉన్నడు. టోకెన్లు మొత్తం వచ్చినయ్ సార్. అవును సార్. ఎట్ల అంటే... లేదు సార్, ఆమెది ఏం లేదు. పెద్దామె. నేనే మొకాలు చూడలే. తప్పు నాదే సార్. సరే సార్. ఈడనే ఉంట సార్."

"రెండు టోకెన్లూ నేనే ఇచ్చానని చెప్పలేదేం?"

"ఏమని చెప్పాలె? మొగడు తప్పిపోయి ఏడుస్తున్న ఆమె మీద చాడీలు చెప్పాల్నా?"

"నేను ఏడవటం లేదు."

"సరే అమ్మా."

"ఉద్యోగం పోతుందని తెలిసి కూడా చెప్పలేదు నువ్వు."

"చెప్తే మాత్రం ఉంటదా? మీరు పరేషాన్ కాకుండ్రి. ఇంకో పని దొరుకుతది. అమీర్‌పేటల పనికేం కరువు."

"బాబూ."

"చెప్పుండ్రి."

"ఆయన ఎక్కలేదని నాకు తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"టోకెన్లు నీ చేతిలో పెట్టినప్పుడే."

"అమ్మా."

"శాలువా, బ్యాగు ఊరికే పెట్టలేదు. సీటు ఖాళీగా ఉందని నీకు కనపడకూడదని పెట్టాను."

"ఎందుకమ్మా? గంత పెద్దమనిషిని, గుండె ఆపరేషన్ అయిన మనిషిని."

"మైకు ఇచ్చావు కదా మధ్యాన్నం."

"మైకా?"

"చార్మినార్ దగ్గర బస్సెక్కాక. ఆయన నీకంటే బాగా చెబుతున్నారని మైకు చేతికిచ్చావు."

"ఇచ్చిన. సార్ మస్తు చెప్పిండు. బస్సంతా చప్పుడు లేకుంట ఇన్నరు."

"విన్నారు. తానీషా గోల్కొండ తలుపులు ఎనిమిది నెలలు మూసుకుని కూర్చుంటే, ఆఖరికి లోపలివాడొకడు లంచం తిని తలుపు తీశాడని చెప్పారు. ఆ తర్వాత ఏమన్నారు?"

"యాదికి లేదమ్మా."

"ఉంది. నీకు గుర్తుంది."

"...మా ఆవిడ గనక కోటలో ఉంటే డజను గాజులకి ఎనిమిది నిమిషాల్లో తలుపు తీసేసేది అన్నడు."

"బస్సంతా నవ్వింది. ముప్పై ఆరు మందీ. ముందు సీట్లో కూర్చున్న పిల్లలు వెనక్కి తిరిగి నా చేతులకేసి చూసి మరీ నవ్వారు. నువ్వూ నవ్వావు."

"నవ్విన."

"మైకులో వినిపించింది నీ నవ్వు."

"నవ్విన అమ్మా. తప్పయింది. లాడ్‌బజార్ల మీరు నలభై నిమిషాలు గాజులు ఏరితిరి, నేను గడియారం చూసుకుంట నిలబడితి. గా కోపం మీద నాకు సుత నవ్వొచ్చింది."

"మా పెళ్లయి ముప్పై రెండేళ్లు. ప్రతి క్రిస్మస్ సెలవులకీ ఈసారి హైదరాబాదు, ఈసారి హైదరాబాదు అనేవారు. ఒక ఏడు పేపర్లు దిద్దాలి. ఒక ఏడు ఎలక్షన్ డ్యూటీ. ఒక ఏడు వాళ్లక్కయ్య గారి గృహప్రవేశం. నేను అడిగింది రెండే. చార్మినార్ దగ్గర గాజులు వేసుకోవాలి, గోల్కొండ ఎక్కాలి. తీరా తీసుకొచ్చేసరికి నా మోకాళ్లు పోయాయి."

"సార్ మీతోని కిందనే ఉంటడనుకున్న నేను."

"నేనూ అనుకున్నాను. పోనీ సగం దాకా ఎక్కుదాం, నా చెయ్యి పట్టుకో అంటారేమో అనుకున్నాను. కోట వాకిట్లో గుమ్మటం పక్కన రాయి చూపించి ఇక్కడ కూర్చో అన్నారు. పర్సు, టోకెను చేతిలో పెట్టారు. నువ్వూ అక్కడే ఉన్నావుగా, ఏం చెప్పారో విన్నావుగా."

"ఇన్న. బస్సు టైంకు గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొట్టు, పైన నాకు వినిపిస్తయ్, దిగొస్త అన్నడు. నేనే చెప్పిన సార్‌కు, ఈడ కొడితే పైన దర్బార్ దాక సాఫ్‌గ వినబడతదని."

"చూడు మరి. చప్పట్లు కొట్టడానికి తీసుకొచ్చారు నన్ను."

"అయితే కొట్టలేదా అమ్మా?"

"ఏంటి?"

"చప్పట్లు. సార్ దిగాలంటే మీరు కొట్టాలె గదా."

"కొట్టాను."

"కొట్టిండ్రా?"

"కొట్టానని చెబుతున్నాగా. కొట్టాను. దిగలేదు. అందుకే కోపం వచ్చింది."

"గుమ్మటం కాడ నేను చాయ్ తెచ్చిస్తే చేతులు శాలువాలకెళ్లి తియ్యకపోతిరి. కింద పెట్టు అంటిరి."

"అప్పటికే కొట్టేశాను. చలేసింది."

"ఎన్నిసార్లు కొట్టిండ్రు?"

"లెక్కపెట్టుకుంటారా ఎవరైనా? చేతులు నొప్పెట్టేదాకా కొట్టాను."

"అయితే గింత బాధ ఎందుకు? మీరు పిలిచిండ్రు, సార్ దిగలేదు. కోపంల టోకెన్ ఇచ్చిండ్రు. ఎవరికైనా కోపమొస్తది."

"బస్సు వెంటనే కదులుతుందనుకోలేదు బాబూ. ఇంకో పది నిమిషాలు ఆగుతారు, నువ్వు వచ్చి సార్ ఏరమ్మా అని అడుగుతావు, అప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను. నువ్వు అడగలేదు."

"అడగలే. టోకెన్లు చూసిన."

"కదిలాక నోరు రాలేదు. అందరూ మళ్లీ నావైపు తిరిగి చూస్తారని సిగ్గేసింది. సిగ్నల్ పడితే చెబుదామనుకున్నాను. పడింది. పచ్చలైటు వెలిగిపోయింది. తరవాత సిగ్నల్ దగ్గర అనుకున్నాను. వెనక సీటావిడ జంతికలు పెట్టింది, తీసుకున్నాను. అది తింటూ కూడా చెప్పలేదు. పంజాగుట్టలో నువ్వు సార్ ఏరీ అని అరిచేసరికి, నాకూ అప్పుడే తెలిసినట్టు లేచి నిలబడ్డాను. ఏదో ఒకటి అను బాబూ."

"ఏమనాలె. నేను నవ్వకుంట ఉండాల్సింది. మైక్ ఇయ్యకుంట ఉండాల్సింది."

"జోగారావు గారు రాగానే నేను చెబుతాను. నీ తప్పు లేదని."

"చెప్తరా?"

"చెబుతాను. ఆయన ఎదుట, ఖాళీ సీటు మీద శాలువా కప్పానని చెప్పలేనేమో. టోకెన్లు రెండూ ఇచ్చానని మాత్రం చెబుతాను."

"ముందు సార్ దొరకాలె. అగో, వెలిగింది."

చార్జింగ్‌లో పెట్టిన ఫోను తెరుచుకుంది. ఒక నిమిషంలోనే మోగింది.

"కొత్త నంబరు అమ్మా. ఎత్తుండ్రి."

"నువ్వే ఎత్తు. స్పీకర్ పెట్టు."

"హలో?"

"హలో, ఎవరండీ? అది నా ఫోను. నా పేరు వీరవెంకటసత్యనారాయణ. మాది మండపేట."

"సార్, నేను రాఘవేందర్‌ని. మీ గైడును."

"హమ్మయ్య. మీరా. ఇది పన్నెండోసారండీ చెయ్యటం. గేటు దగ్గర గార్డు గారి ఫోను ఇది. పాపం విసుక్కోకుండా ఇస్తున్నారు. మా ఆవిడ మీతోనే ఉందా? బాగానే ఉందా?"

"ఈడనే ఉన్నది సార్. ఇంటున్నది."

"అరుణా."

"ఊఁ."

"ఏమైనా తిన్నావా?"

"మీకు ఎలా ఉంది? గుండెలో ఏమైనా..."

"ఏమీ లేదు. బానే ఉన్నాను. గార్డు గారు దుప్పటి కప్పారు, చాయ్ ఇచ్చారు. వచ్చాక మాత్ర వేసుకుంటాను."

"సార్, గేటు కాడనే ఉండుండ్రి. మహిపాల్ బస్సు తీసుకొని వస్తుండు. జర సేపట్ల చేరుతడు."

"ఎక్కడికీ పోనండి. చేతిలో పైసా లేదు. అరుణా, నీకో మాట చెప్పాలి. కోప్పడకూడదు."

"చెప్పండి."

"స్పీకర్ తీసెయ్యమను."

"ఫర్వాలేదు. ఆ అబ్బాయి కూడా విననీండి."

"నీ చప్పట్లు నాకు వినిపించాయి. వింటున్నావా? పైన దర్బారు అరుగు మీద కూర్చుని ఉన్నాను. టప్ టప్ మని మూడు వినిపించాయి. నువ్వేననుకున్నాను. కాసేపయ్యాక మళ్లీ మూడు. లేచాను కూడా. లేచి మళ్లీ కూర్చున్నాను."

"ఎందుకు కూర్చున్నారు?"

"బుద్ధి లేక. గాజుల కొట్టు దగ్గర నన్ను నలభై నిమిషాలు నిలబెట్టావు కదా. తనూ కాసేపు నిలబడనీ, కొట్టనీ అనుకున్నాను. ఆ మోకాళ్లతో లేచి కొడుతున్నావని తెలిసే కూర్చున్నాను. ఆ తరవాత చూస్తే కింద మన బస్సు కదులుతోంది."

"మీరు చూశారా బస్సుని?"

"చూశాను. ఏం చెయ్యాలో తోచక నేనూ పైనుంచి చప్పట్లు కొట్టాను. పక్కనున్న కాలేజీ పిల్లలు చూసి, తాతగారూ కింద కొడితే పైన వినిపిస్తుంది గానీ, పైన కొడితే బస్సులోకి వినిపించదు అన్నారు."

"సార్, మీరు బాధపడకుండ్రి. తప్పు నాది. మొకాలు చూడలే నేను."

"మీది కాదు రాఘవేందర్ గారూ. మీ ఓనరు గారు వచ్చారా? రాగానే నాకు ఫోనియ్యండి, నేనే చెబుతాను. మా ఆవిడ పిలిచింది, నేను దిగలేదు. మీ తప్పూ లేదు, ఆవిడ తప్పూ లేదు. మొత్తం నాదే."

"గట్ల చెప్తే నా నౌకరీ నిలబడతది సార్. మీ మేలు మర్చిపోను. ఇన్నరా అమ్మా? సారే ఒప్పుకుంటుండు. ఇంక మీరేం చెప్పే పని లేదు."

"అరుణా, మాట్లాడవేం? ఆ మైకులో కూడా అలా అనకుండా ఉండాల్సింది. నలుగురు నవ్వుతుంటే నాకూ ఉత్సాహం వచ్చేసింది. నీ మొహం చూశాను. చూసి కూడా ఆపలేదు."

"చూశారా?"

"చూశాను. ఇంతసేపూ ఇక్కడ అదే తలుచుకుంటూ కూర్చున్నాను. కొత్త గాజులు చిట్లాయా ఏమైనా?"

"లేదు."

"చేతులు కందిపోయి ఉంటాయి. ఎన్నిసార్లు కొట్టావు?"

"ఏవండీ."

"చెప్పు."

"సెలవుల్లో ఎంత జనం ఉన్నారో చూశారుగా. గుమ్మటం కిందికి వచ్చిన ప్రతివాళ్లూ ఓసారి కొట్టి చూస్తారు."

"అవును, అయితే?"

"నేను ఒక్కసారి కూడా కొట్టలేదండీ."